భివండి షట్టర్

నీలం నగర్, షోలాపూర్
26-6-1988

బామ్మర్ది గోవర్ధన్‌కు బావ అంబాదాస్ రాసేది. ఇక్కడ నేను, మీ అక్క శకుంతల, పిల్లలు, మీ నాయన అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, విమల బాగున్నారని తలుస్తాను. ఇంట్లో బాగులేనిది ఒక్కటే ఉంది. దాని సంగతి తర్వాత. ముందు మంచి మాట చెప్పనివ్వు.

పోయిన ఆదివారం మన నేతవాళ్ల సంఘం అధ్యక్షుడు నర్సప్ప నలుగురిని వెంటబెట్టుకొని ఇంటికి వచ్చాడు. శ్రావణంలో నారళి పున్నమినాడు మార్కండేయుని రథం మీద ఊరేగే చేతిమగ్గం ఈ ఏడు మన ఇంటిదేనట. రథం కదులుతుంటే దాని మీద కూర్చుని దేవుడికి శాలువా నేసేది మీ నాయనేనట. "సిద్ధరాములు మామా, అంత కరెంటు సాంచాలకు మళ్లిండ్రు. చేతిమగ్గం ఇడువనోళ్లు ఇంక ఎందరున్నరు చెప్పు. నువ్వు నేస్తెనే అందం" అన్నాడు నర్సప్ప. "ఇన్నేండ్ల సంది రథం ఎన్క నడిచిన. ఇగ పైన కూసుంటనా" అని మామ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. మీ అక్క వాడంతా చక్కెర పంచింది. నాకూ సంతోషమే. ఆయన అల్లుడినని చెప్పుకోవడానికి ఇన్నాళ్లకు ఒక సందర్భం వచ్చింది.

నేత ఆపి ఏళ్లయినా మామ షెడ్డులోనే ఉంచుకున్న ఆ మగ్గానికి ఆనాటి నుంచి మడి. దేవుడి పని ఒప్పుకున్నాక దాన్ని ఎవరూ తాకొద్దు, స్నానం చేయకుండా దగ్గరికి పోవద్దు, ఆ మూలకు చెప్పులు రావద్దు అని మామ హుకుం. పెద్దల నుంచి ఉన్న ఆచారమే గనక ఎవరం కాదనలేదు.

ఇక చెడ్డ మాట. మన షెడ్డు పాత తలుపులను చెదలు తిన్నప్పుడు, భివండిలో ఎవరిదో చీరల దుకాణం మూతపడితే దాని షట్టర్ ఊడదీయించి లారీలో వేసి పంపావు, గుర్తుందా. ఆ నీ షట్టర్ మొన్న శుక్రవారం పొద్దున లేవనంది. ముందు రోజు సాయంత్రం దించినవాణ్ణి నేనే. వెన్నలా దిగింది. పొద్దున నేనూ, సాంచాల మీద పనిచేసే ఇద్దరూ కలిసి గడ్డపార పెట్టి లేపినా కదల్లేదు. ఎడమ పక్క కొంచెం ఊగుతుంది. కుడి పక్క మాత్రం మొండికేసింది.

షెడ్డుకు వీధి వైపున్న దారి అదొక్కటే. ఇప్పుడు నూలు చుట్టిన భీములన్నీ వంటింట్లోంచి రావాలి. భీము ఎంత పొడుగో నీకు చెప్పాలా. నిన్న మలుపు తిరిగేటప్పుడు దాని కొన తగిలి పొయ్యి మీది పప్పుగిన్నె బోర్లాపడింది. మీ అక్క అన్న మాటలు ఇక్కడ రాయను. పైగా నీ షట్టర్ మీద ఇప్పటికీ 'సాడీ సెంటర్' అని హిందీలో అక్షరాలున్నాయి. ఇదివరకు చుట్టుకొని ఉండేది గనక కనిపించేవి కావు. ఇప్పుడు పొద్దస్తమానం దిగే ఉండడంతో, అక్కల్‌కోట్ రోడ్డు మీద బస్సు దిగిన ఆడవాళ్లు వచ్చి దుకాణం ఎప్పుడు తెరుస్తారని అడుగుతున్నారు.

భీములైతే ఎలాగో వస్తాయి. మగ్గం మాత్రం వంటింటి తలుపులోంచి పట్టదు. మామ రథం ఎక్కాలంటే షట్టర్ లేవాలి. పున్నమికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఇప్పుడే కంగారు లేదు. నువ్వు పంపిన సరుకు గనక నీ చెవిన వేస్తున్నాను.

మరిచాను. మామ పాత నాడె కనిపించడం లేదు. రెండు కొనలకూ ఇనుప మొనలుండి, పోగు మోస్తూ మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఆ టేకు నాడె ఆయన చేతికి అలవాటైనది. అది లేకుండా నేయనంటున్నాడు. ఎలుకలు ఎత్తుకుపోయాయట. నాడెను మోసుకుపోయే ఎలుకే ఉంటే దాన్ని పట్టుకొని సాంచా మీద పనికి పెట్టేవాణ్ణి. అక్కడ అలాంటిది దొరికితే చూడు.

పప్పు లేకుండా అన్నం తిన్న
నీ బావ
అంబాదాస్


భివండి
3-7-1988

బావగారికి, అక్కకు, నాయనకు గోవర్ధన్ నమస్కారాలు. మీ ఉత్తరం నిన్న అందింది. నాయన రథం మీద కూర్చుంటాడన్న మాట విమలకు రెండుసార్లు చదివి వినిపించాను. మా షెడ్డులో ఉన్న మనవాళ్లందరికీ చాయ తాగించాను. నాయన చేతి వేగం మీరు చూడలేదు బావా. మీరు వచ్చేనాటికే ఇంట్లోకి సాంచాలు దిగాయి. చిన్నప్పుడు నేను నూలు కండె చుట్టి అందించేలోపు ఆయన చేతిలోది అయిపోయేది. వెనక్కి చూడకుండానే చెయ్యి చాపేవాడు. నేను ఆలస్యం చేస్తే ఆ చేత్తోనే ఒకటి తగిలేది.

షట్టర్ సంగతి. దాన్ని ఏమీ అనకండి బావా. అది మందపు రేకు. ఇక్కడ గొడవల రోజుల్లో రాళ్లు పడినా సొట్ట పోలేదు. నేను సాంచాలు బాగుచేసే జాబర్ని, నా కాపురం ఇనుముతోనే. ఇనుము మొరాయిస్తే అర్థం ఒకటే, నూనె అడుగుతోంది. మీరు సాంచాలకు పోసినట్టు దానికీ ధారాళంగా పోయండి. పైన డబ్బాలో ఉన్న స్ప్రింగుకు, రేకు జారే రెండు పక్కల చానళ్లకు, అంతటికీ పోయండి. పిసినారితనం చేయకండి. ఒక రాత్రి నాననిస్తే పొద్దున చిటికెన వేలితో లేస్తుంది.

చేతిమగ్గం నాడె అంటే ఇక్కడ నవ్వుతున్నారు. అయినా పాత సామాన్ల బజారులో వెతుకుతాను. అక్కను కొంచెం కోపం తగ్గించుకోమనండి. పప్పు రేపు కూడా వండుకోవచ్చు.

ఇట్లు
గోవర్ధన్


నీలం నగర్
11-7-1988

గోవర్ధన్‌కు ఆశీస్సులు. నీ సలహా అందింది. అక్షరం పొల్లుపోకుండా పాటించాను. ఫలితం రాస్తున్నాను, కూర్చుని చదువు.

ధారాళంగా అన్నావు కదా, డబ్బాడు నూనె పట్టించాం. పొద్దున షట్టర్ లేవలేదు గానీ నూనె దిగింది. దాని కింద మడతపెట్టి ఉంచిన చాదర్ల మీద దిగింది. పువ్వుల డిజైన్ మీద జిడ్డు చారలు కలిపి కొత్త డిజైన్ తయారైంది. కొనేవాడు మాత్రం వెనక్కి పంపేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

తర్వాత షట్టర్ మిస్త్రీని పిలిచాను. మరాఠీ మనిషి. నిచ్చెన వేసి పైడబ్బా విప్పి లోపల చెయ్యిపెట్టి ఒక ముద్ద బయటికి లాగాడు. సాంచాల నుంచి లేచే దూది పొట్టంతా ఇన్నేళ్ల నూనెతో కలిసి ఉన్ని నమదాలాగా గట్టిపడింది. "హే షట్టర్ ఆహే కీ గాదీ" అన్నాడు. షట్టరా, పరుపా అని. సాంచాలవాళ్లు ఇనుప ముక్క కనిపిస్తే చాలు నూనె పోస్తారనీ, దూది ఎగిరే ఇంట్లో ఆ పని చేయకూడదనీ నాకే పాఠం చెప్పాడు. వారం వారం సాంచాలతో పాటు దానికీ నూనె పోస్తూ వచ్చింది నేనే గనక తల వంచుకొని విన్నాను. ఆ పరుపంతా పీకి శుభ్రం చేశాక ఎడమ పక్క హాయిగా ఆడింది. కుడి పక్క మళ్లీ అదే మొండితనం.

లోపలి నుంచి కుడి చానల్ చూడాలన్నాడు మిస్త్రీ. అక్కడ దాన్ని ఆనుకొని మగ్గం ఉంది. మామ అడ్డు నిలబడ్డాడు. మిస్త్రీ చెప్పులు విప్పుతానన్నాడు. "తానం జేసినవా" అని అడిగాడు మామ. ఆ మనిషి నా మొహం చూశాడు. మర్నాడు నేనే స్నానం చేసి పోయాను. మగ్గం వెనక వేస్టు నూలు గోనెసంచులు పేర్చి ఉన్నాయి, చానల్ కనపడదు. వాటిని జరుపుతానంటే "పున్నమిదాక ఆడ చీపురు గూడ పెట్టొద్దు" అన్నాడు.

సరే, మగ్గాన్ని విప్పి ముక్కలుగా వంటింట్లోంచి తీసుకుపోదామన్నాను. "మా అయ్య కొట్టిన చీలలవి. ఇప్పితె మల్ల కూడయి" అన్నాడు. పోనీ గ్యాసుతో షట్టర్ కోయిద్దామన్నాను. దానికి ఏమన్నాడో విను. "అది కొడుకు పంపిన వస్తువు. కొయ్యనియ్య" అన్నాడు.

గోవర్ధన్, నేను ఈ ఇంట్లో పన్నెండేళ్లుగా సాంచాలు నడుపుతున్నాను. నా మాట కంటే నీ రేకుకు విలువ ఎక్కువని ఆ రోజు తెలిసింది. ఈమధ్య మామ కోరికలు కూడా పెరిగాయి. చాయ ఎప్పటిలా కప్పు కింది బశిలో పోస్తే ముట్టడు. గిలాసలో కావాలి, అదీ సగమే పోయాలి. రథం ఎక్కబోయే మనిషి కదా, దర్జా అని మీ అక్క నవ్వుతుంది. నాకు నవ్వు రావడం లేదు.

జిడ్డు చేతులతో
అంబాదాస్


భివండి
19-7-1988

బావగారికి నమస్కారాలు. చాదర్ల సంగతి చదివి బాధపడ్డాను. కానీ బావా, మిగతా ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 'కొడుకు పంపిన వస్తువు' అని నాయన నిజంగా అన్నాడా? ఆ ముక్క చదివి కాసేపు బయటికి వెళ్లి కూర్చున్నాను. నేను ఊరు విడిచి వచ్చేటప్పుడు ఆయన నాతో మాట్లాడలేదు. సొంతిల్లు, సొంత సాంచాలు వదిలి ఒకరి దగ్గర జాబర్‌గా చేరేవాడివి నా కొడుకువు కాదన్నాడు. ఆ తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసినా ఆయన నుంచి ఒక్క ముక్క జవాబు లేదు. అలాంటి మనిషి నేను పంపిన రేకును కోయనివ్వనన్నాడంటే నాకు ఎలా ఉంటుందో చూడండి.

కాబట్టి దయచేసి దాన్ని కోయకండి. ఇంకో మాట. మా ఇంటి వస్తువుల మీద బయటివాళ్లు గడ్డపారలు వేయడం నాకు నచ్చలేదు. షట్టర్‌లో తప్పు లేదు, వాడకంలోనే ఏదో తప్పు జరిగింది. నూనె పనికిరాదని మిస్త్రీ అన్నాడు కదా, అయితే కిరోసిన్ పోసి కడిగించండి. జిడ్డంతా వదులుతుంది.

నాడె ఇంకా దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాను.

గోవర్ధన్


నీలం నగర్
27-7-1988

గోవర్ధన్‌కు,

కిరోసిన్ కూడా పోశాం. ఇల్లంతా వాసన. మీ అక్క తునికాకు తడిపి పెట్టుకున్న చోటికీ పాకింది. ఆమె చుట్టిన బీడీలను కార్ఖానాలో వాసన చూసి పక్కన పడేశారు. నోట్లో పెట్టుకుంటే అగ్గిపుల్ల అక్కర్లేకుండా అంటుకుంటాయని నవ్వారట. మూడు రోజులుగా నీ అక్క నాతో మాట్లాడటం లేదు. నీతో మాట్లాడేదుంటే నీతోనూ మాట్లాడదు.

నీ ఉత్తరంలో 'మా ఇల్లు' అని, 'బయటివాళ్లు' అని రాశావు. సంతోషం. ఇన్నాళ్లు ఎవరూ మొహాన అనలేదు, నువ్వు రాసి పెట్టావు. గడ్డపార మొదట పట్టింది నేనే గనక ఆ బయటివాణ్ణి నేనే. నువ్వు వదిలిపోయిన సాంచాల దగ్గర నిలబడి నడిపినప్పుడు బయటివాణ్ణి కాను. అత్తమ్మను ఆసుపత్రిలో పెట్టినప్పుడు అక్కడ పడుకున్నది నేను, అప్పుడూ బయటివాణ్ణి కాను. ఒక్క రేకు దగ్గరికి వచ్చేసరికి అయ్యాను. ఈ వాడలో నన్ను ఇల్లరికం అల్లుడని అంటారు. నేను వినపడనట్టు ఉంటాను. నీ చేత కూడా అనిపించుకోవాలని రాసిపెట్టి ఉంది. వాడకంలో తప్పట. ఒడ్డున కూర్చున్నవాడు ఎన్నయినా చెబుతాడు.

ఇంకో మిస్త్రీని తెచ్చాను. అతనూ బయటి నుంచి తట్టి, లాగి, చివరకు "దీని లోపల ఏదో అడ్డం ఉంది, లోపలికి పోనిస్తేనే చేస్తా" అని వెళ్లిపోయాడు. మామ సంగతి తెలిసిందే.

నర్సప్ప గడువు పెట్టాడు. శ్రావణ ఏకాదశిలోగా మగ్గం బయటికి రాకపోతే విడీ ఘర్కుల్ కాలనీలో ఉన్న నరసయ్య మగ్గాన్ని రథం ఎక్కిస్తారట. నరసయ్య అప్పుడే కొత్త ధోవతి కొన్నాడని చెప్పుకుంటున్నారు. మామకు ఈ భాగ్యం మళ్లీ రాదు. ఆ వయసు మనిషి ఇంకో ఏడాది ఆగగలడా చెప్పు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆయన మాత్రం నిమ్మళంగా పడుకుంటున్నాడు.

అంబాదాస్


భివండి
4-8-1988

బావగారికి,

బయటివాళ్లంటే మిస్త్రీలు. మిమ్మల్ని అంటానా? మీరు లేకపోతే ఆ ఇంట్లో సాంచాల చప్పుడే ఉండేది కాదని నాకు తెలియదా? రాసిన మాటకు అర్థం అడగకుండా మనసులో పెట్టుకోవడం మీకు బాగా అలవాటైంది. అక్కకు కూడా చెప్పండి, బీడీలకు నష్టం నేనే భరిస్తానని.

ఇక మాటలు వద్దు. ఆగస్టు ఇరవైకి నేనే వస్తున్నాను. ఇక్కడ నాకు తెలిసిన షట్టర్ మనిషి ఉన్నాడు, అతన్నీ తెస్తున్నాను. షేఠ్‌ను బతిమాలి సెలవు ఒప్పించుకున్నాను. నాయనకు విడిగా కార్డు కూడా రాశాను. 'నాయనా, నువ్వు కాపాడిన షట్టర్‌ను నా చేతులతో లేపుతాను, మగ్గం వెనక సంచులన్నీ నేనే తీస్తాను, నువ్వు రథం ఎక్కడం కళ్లారా చూస్తాను' అని. కొడుకును గనక నాకు మడి అడ్డం చెప్పడు.

గోవర్ధన్


నీలం నగర్
11-8-1988

గోవర్ధన్,

నీ కార్డు వచ్చింది. పిల్లలు మామకు చదివి వినిపించారు. విని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా ఒక్క రొట్టె చాలన్నాడు. "గోవర్ధన్ పక్కా వస్తడా" అని నన్ను అడిగాడు. వస్తాడన్నాను. కాసేపాగి మళ్లీ అదే అడిగాడు. సాయంత్రం పిల్లలను అడిగాడు. కొడుకు కోసం ఆ మనిషి ఎంత అలమటించిపోతున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

అర్థమయ్యాక ఒళ్లు మండింది కూడా. నూనె నేను పోశాను, తిట్లు నేను తిన్నాను, నర్సప్ప కాళ్లావేళ్లా పడి గడువు అడిగింది నేను. ఇన్ని చేసినా ఆయనకు నా మీద నమ్మకం లేదు. నువ్వు కార్డు ముక్క రాస్తే చాలు, తిండి మానేసి నీ కోసం చూస్తాడు. రేపు నువ్వు బస్సు దిగి వచ్చి షట్టర్ లేపితే, ఊళ్లోవాళ్లు కొడుకు వచ్చి లేపాడు, అల్లుడి వల్ల కాలేదు అంటారు. నేను ఆ మాట పడలేను. ఉన్నమాట చెబుతున్నాను.

నువ్వు రావద్దు. ఇరవై ఒకటిన వెల్డింగ్ మనిషిని పిలిచాను. మామ పొద్దున క్షౌరానికి పోతాడు. ఆ గంటలో నీ షట్టర్‌ను నిలువునా కోయిస్తాను. తర్వాత ఆయన తిడితే పడతాను. రథం ఎక్కాక మరిచిపోతాడు.

అంబాదాస్


భివండి
16-8-1988

బావగారికి,

రావద్దన్నారు. రాను. సెలవు రద్దు చేసుకున్నాను. కోయండి. ముక్కలను పాతసామాన్లవాడికి వేసేయండి. నేను పంపిన వస్తువు ఆ ఇంట్లో ఉండనక్కర్లేదు.

నాయన రథం ఎక్కిన సంగతి మాత్రం ఎవరిచేతనైనా రాయించండి.

గోవర్ధన్


నీలం నగర్
29-8-1988

గోవర్ధన్‌కు బావ అంబాదాస్ ఆశీర్వదించి రాసేది.

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. చదివి చించెయ్యి. మీ అక్కకు కూడా ఇది తెలియదు.

మీ నాయన రథం ఎక్కలేదు. నరసయ్య మగ్గం ఎక్కింది. నీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, అంబాదాస్ చేతగానితనం వల్ల అని. అలాగే అనుకోనివ్వు. జరిగింది ఇది.

ఇరవై ఒకటిన మామ క్షౌరానికి పోయాడు. వెల్డింగ్ మనిషి వీధిలో సామాను దించుతున్నాడు. నిప్పురవ్వలు పడి మగ్గం కాలితే ఆయన ప్రాణం పోతుందని, నేను స్నానం చేసి, తడిపిన గోనెలు తీసుకొని లోపలికి పోయాను. మగ్గం వెనక వేస్టు నూలు సంచులు ముందుగా తీశాను. అది అంటుకుంటే ఇల్లే పోతుంది కదా. సంచుల వెనక కుడి చానల్‌లో, మోకాలెత్తున, రేకుకూ చానల్‌కూ మధ్య నాడె ఉంది.

అదే టేకు నాడె. దిగగొట్టి ఉంది. దాని మొన ఎలా ఉంటుందో నీకు తెలుసు, మేకులాగే దిగుతుంది. మీదికి కనపడకుండా గుడ్డ పీలిక కూడా కుక్కి ఉంది. మొదట నాకు పట్టరాని కోపం వచ్చింది. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఊడింది. షట్టర్ పట్టుకొని చూశాను. ఒక చేతికి జానెడు లేచింది. నువ్వు చెప్పింది నిజమే, అది మంచి షట్టర్. దాని మీద ఇన్నాళ్లు అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ సందులోంచి వచ్చిన వెలుతురు మగ్గం మీద పడింది. మగ్గం మీద పడుగు ఎక్కించి ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది. శాలువా మొదలుపెట్టి ఉంటాడని దుప్పటి ఎత్తాను. జానెడు గుడ్డ ఉంది. గోవర్ధన్, అది మీ నాయన నేత కాదు. పోగులు ఎక్కడికక్కడ తెగి ఉన్నాయి. తెగినవి చూసుకోకుండానే మీద నేసుకుంటూ పోయాడు. అంచు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి పోయింది. కొంత విప్పి మళ్లీ నేశాడు, అదీ అంతే. నేత నేర్చుకునే పిల్లాడు కూడా అలా నేయడు. నర్సప్ప వచ్చి పోయాక మేమంతా బజారుకో పెళ్లికో పోయినప్పుడు ఒక్కడే కూర్చుని ప్రయత్నించి ఉంటాడు.

అప్పుడు గిలాస గుర్తొచ్చింది. బశిలో చాయ తొణుకుతుంది, సగం గిలాసలో తొణకదు. రెండు నెలలు ఎదురుగా కూర్చుని చాయ తాగాను, రెండు చేతులతో ఎందుకు పట్టుకుంటున్నాడని ఒక్కనాడూ చూడలేదు. దర్జా అనుకున్నాను. నీ కార్డు వచ్చిన రోజు అన్నం ఎందుకు మానేశాడో కూడా అప్పుడే తెలిసింది. నీ కోసం బెంగ కాదు. సంచులు నేనే తీస్తానని రాశావు కదా.

నర్సప్పకు కాదని చెప్పలేడు. ఆయన జన్మంతా ఎదురుచూసిన పిలుపు అది. చెయ్యి వణుకుతుందని, చూపు ఆనడం లేదని నీకు చెప్పలేడు, నాకు అసలే చెప్పలేడు. ఊరంతా చూస్తుండగా రథం మీద కూర్చుని దేవుడి శాలువాలో పోగులు తెంపలేడు. అందుకని మడి అన్నాడు, చీలలన్నాడు, కొడుకు పంపిన వస్తువన్నాడు. ఆ చివరి మాట సాకేనేమోనని నువ్వు బాధపడకు. సాకు కావాలంటే ఇంకేదైనా అనొచ్చు. ఆయన నోటికి వచ్చింది నీ పేరు.

నేను షట్టర్ దించాను. నాడెను ఉన్నచోటే పెట్టి అదే సుత్తితో మళ్లీ దిగగొట్టాను. పీలిక కుక్కాను. సంచులు పేర్చాను. వెల్డింగ్ మనిషితో మా మామ ఒప్పుకోవడం లేదని చెప్పి పంపేశాను. అతను తిట్టుకుంటూ పోయాడు. అక్కడి నుంచి నర్సప్ప ఇంటికి పోయి, నా వల్ల కాలేదు, నరసయ్య మగ్గాన్ని తీసుకోండి అని చెప్పాను. నలుగురు కూర్చుని ఉన్నారు. "ఇల్లరికం అల్లునికి షట్టర్ గూడ వశం గాలేదా" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వు అంత నొప్పి అనిపించలేదు. ఇంటికి వచ్చి మామతో చెప్తే "పోనీ తియ్యి బిడ్డా, దేవుడు అట్ల రాసిండు" అన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పున్నమి పొద్దున జంధ్యాలు మార్చుకునేటప్పుడు ప్రతి ఏడూ ముడి ఆయనే వేసి అందరికీ ఇస్తాడు కదా. ఈసారి పోగు నా చేతిలో పెట్టి "నువ్వెయ్యి" అన్నాడు. ముడి వేసి ఆయన మెడలో నేనే వేశాను. నా మొహం చూశాడు. నేను పోగు వైపే చూశాను.

రథం మన వీధికి వచ్చినప్పుడు మామ షట్టర్‌కు ఆనించి కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, వెనక 'సాడీ సెంటర్' అక్షరాలు. నర్సప్ప దిగి వచ్చి ఆయనకు దండ వేశాడు. నరసయ్య మగ్గం మీది నుంచే దండం పెట్టాడు. మామ అందరికీ వినపడేట్టు "మా అల్లుడు శాన కష్టపడ్డడు. మగ్గానికి యోగం లేకుంటె ఆయనేం జేస్తడు" అన్నాడు. పన్నెండేళ్లలో నా గురించి ఆయన నలుగురిలో అన్న మొదటి మాట. నేను లోపలికి పోయి మొహం కడుక్కున్నాను.

నిన్న పొద్దున లేచి చూసేసరికి షట్టర్ లేచి ఉంది. మామ దాని కింద కూర్చుని గిలాసలో చాయ తాగుతున్నాడు. "గోవర్ధన్ జెప్పిన నూనెనే, జర ఆలస్యంగ పనిజేసింది" అన్నాడు. నాడె కూడా దొరికిందట. ఎలుకలే తెచ్చి పడేశాయట. అవునన్నాను. రథం పోయిన మర్నాడే లేచిన షట్టర్‌ను చూసి వాడంతా ఇప్పుడు నన్నే నవ్వుతోంది. నవ్వనివ్వు. కానీ ఆయన మనసులో ఎక్కడో ఒక భయం ఉంది, ఎవరైనా లెక్కలు కడతారేమోనని. షట్టర్ వైపు ఎవరు చూసినా ఉలిక్కిపడుతున్నాడు.

రావద్దని రాసినందుకు నన్ను తిట్టు, పడతాను. కానీ ముందు ఇంటికి ఒక ఉత్తరం రాయి. అది పిల్లలు ఆయనకు పైకి చదివి వినిపిస్తారు. ఆయన నిమ్మళపడేట్టు ఏం రాస్తావో నాకు తెలియదు. జాబర్‌వి, ఇనుము సంగతి నీకు తెలుసు.

నీ బావ
అంబాదాస్


భివండి
5-9-1988

నాయనకు, బావగారికి, అక్కకు గోవర్ధన్ నమస్కారాలు. పిల్లలకు దీవెనలు. పిల్లలూ, ఈ ఉత్తరం గట్టిగా చదవండి. తాతకు వినపడాలి, పక్కింటివాళ్లకు వినపడినా ఫరవాలేదు.

షట్టర్ లేచిందని తెలిసింది. నా నూనె వల్ల లేచిందని నాయన అన్నాడట. ఆ పేరు నాకు వద్దు. ఉన్నమాట రాస్తున్నాను. ఆ షట్టర్‌కు ముందు నుంచే ఈ రోగం ఉంది. దుకాణం షేఠ్ ఇచ్చేటప్పుడే చెప్పాడు. దానంతట అదే బిగుసుకుంటుంది, ఎవరేం చేసినా లేవదు, మళ్లీ దానంతట అదే వదులుతుందని. చవగ్గా వచ్చిందని నేను ఆ మాట దాచి పంపాను. ఇంతకాలం మంచి షట్టర్ అని మీతో వాదించాను. బావ స్థానంలో ఎవరున్నా చేయగలిగింది లేదు. అయినా ఆయన రెండు నెలలు దానితో పోరాడాడు. నాయన రథం ఎక్కలేకపోవడానికి కారణం ఈ పాడు రేకు. దాన్ని పంపింది నేను. ఎవరైనా బావను ఏమన్నా అంటే ఈ ఉత్తరం చూపించండి.

నాడె దొరికిందట, సంతోషం. నేను ఇక్కడ వెతకడం మానేశాను.

నాయనా, దసరాకు వస్తున్నాను. షేఠ్ ఒప్పుకున్నాడు. మన మగ్గం మీద పడుగు ఎక్కించే ఉందని విన్నాను. దాన్ని అలాగే ఉంచు, కోయకు, విప్పకు. దేవుడి కోసం అనుకున్న శాలువా మధ్యలో ఆపకూడదు. నేను కూర్చుని నేస్తాను. బావ కండెలు చుట్టి అందిస్తాడు. నువ్వు పక్కన కుర్చీ వేసుకొని చూడు. నేత మరిచి చాలా ఏళ్లయింది, పోగులు బాగా తెగుతాయి, అంచు వంకర పోతుంది. మొదటి నుంచి చివరిదాకా గుడ్డంతా ఒకేలా ఉంటుంది, ఎవరు చూసినా నా నేతే అంటారు. నన్ను తిట్టకు.

నీ కొడుకు
గోవర్ధన్